బెల్టు షెడ్డు మెయిన్

హార్బర్ వెనక బొగ్గు బెల్టు షెడ్డుకి చెడ్డ పేరుంది. రాత్రి రెండు దాటాక లారీవాళ్లు కూడా అక్కడ బండి ఆపరు. ఆ బెల్టులో ఇరుక్కుని చనిపోయిన కూలీ పైడయ్య ఇంకా డ్యూటీ దిగలేదంటారు...

కూలీల యూనియన్‌లో కంప్యూటర్ పని చూసే ఎవాంజలిన్ ఇలాంటివి నమ్మే పిల్ల కాదు. "దెయ్యాల్లేవు, కాంట్రాక్టర్లే ఉన్నారు" అనేది. ఆ రాత్రి పైడయ్యకి అసలు డ్యూటీయే లేదని, ఊరికే షెడ్డులోకి దూరాడని కాంట్రాక్టర్ కోర్టులో చెప్పాడు మరి. డ్యూటీలో ఉన్నాడని చెప్పగలిగేది షెడ్డు పక్క గదిలోని సర్వర్‌లో ఉన్న హాజరు ఫైలొక్కటే. పైడయ్య భార్య పైడితల్లి కోసం దాన్ని డౌన్‌లోడ్ చేసే పని ఎవాంజలిన్ నెత్తినేసుకుంది.

కోర్టు ఇమ్మంది కాబట్టి కంపెనీ లాగిన్ ఇచ్చింది — రాత్రి ఒంటిగంట నుంచి రెండున్నర దాకే. అదీ నత్తలాంటి లైను మీద. చట్టం ముందు అందరూ సమానమేనట!

మూడు రాత్రులు పైథాన్‌లో స్క్రిప్టు రాసి నడిపింది. మూడుసార్లూ తొంభై రెండు శాతం దగ్గర తెగింది. టైమౌట్ పెంచింది. ముక్కలుగా లాగబోయింది. ఆ ముసలి సర్వర్‌కి ఆగినచోట మళ్లీ అందుకోవడం రాదు — ప్రతిసారీ మొదటి నుంచే. కోపమొచ్చి కీబోర్డుని గుద్దింది. అప్పుడు చూసింది టైము. మూడుసార్లూ రెండుంపావే...

నాలుగో రాత్రి. తెల్లారితే వాయిదా. స్క్రిప్టు మొదలెట్టి, ల్యాప్‌టాప్ పట్టుకుని షెడ్డుకే వెళ్లింది.

గదికి తాళం. షెడ్డుకీ గదికీ కలిపి బయటి గోడకి ఒకటే కరెంటు మెయిన్ స్విచ్. దాని లివర్ మీద చెయ్యేసుకుని, స్టూలు మీద వాచ్‌మన్ శ్రీరామ్మూర్తి.

"ఏటమ్మా, ఈ యేలప్పుడు?"

"రోజూ కరెంటు తీసేది నువ్వా తాతా?"

"రెండుంపావుకి. ఒక్క నిమిసం."

"ఎందుకు?"

ముసలాయన గొంతు దించాడు. "ఆ రాత్రి బెల్టులో సెయ్యి ఇరుక్కుని ఆడు 'మావా' అని నన్నే పిలిశాడమ్మా... నాను ఆపేసరికి అయిపోనాది. ఆపకపోతే ఇప్పటికీ పిలుత్తాడు."

"మూఢనమ్మకమే దోపిడీకి కాపలా తాతా!"

"కాపలా కాసేది నానమ్మా."

ఎవాంజలిన్ ఆయన చెయ్యి తోసేసి లివర్‌కి అడ్డంగా నిలబడింది.

రెండుంపావు. తొంభై రెండు... తొంభై మూడు... తొంభై ఆరు...

బెల్టు కదలడం లేదు. లోపల మనిషి లేడు. అయినా ఆ చీకట్లోంచి — మెల్లగా —

"మావా... ఆపు మావా..."

ఆమె చప్పున శ్రీరామ్మూర్తి వైపు తిరిగింది. ఆయన పెదాలు కదల్లేదు.

తొంభై ఎనిమిది.

"మావా... సెయ్యి..."

లివర్ టక్కున కిందికి పడింది.

లాగింది — ఎవాంజలిన్ చెయ్యే.

స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు. డౌన్‌లోడ్ మళ్లీ తెగింది. ఆమె అక్కడే కూలబడి, తనని తాను తిట్టుకుంటూ ఏడ్చింది.

ముసలాయన స్టూలు దిగి ఆమె పక్కన చతికిలబడి అడిగాడు. "వాయిదా ఎన్నింటికమ్మా?"

"పదింటికి."

"ఆ రాత్రి ఆడు డ్యూటీలోనే ఉన్నాడని నాను సెప్తే సరిపోద్దా? మూడేళ్లయింది... నన్నెవులూ అడగనేదు."