కారణం రాయాల్సిందే

"మూడో పేజీలో గీత వంకరగా ఉంది."

"మేడమ్, అది లిఫ్టు తాడు. అసలు బొమ్మలోనే వంకరగా ఉంది."

"అయినా సరే, వెనక్కి పంపుతున్నా."

ప్రోగ్రామర్‌కి ఒళ్ళు మండింది. ఆ లిఫ్టుల కంపెనీలో ముప్ఫై ఏళ్ళ రిపేరు పుస్తకాలు పాత వర్డ్ ఫైళ్ళుగా పడి ఉన్నాయి. వాటిని పీడీఎఫ్‌లుగా మార్చడానికి అతన్ని తీసుకున్నారు. అతనొక ఫోల్డర్ పెట్టాడు. అందులో ఏ ఫైలు వేసినా దానంతటదే మారిపోయి నేరుగా మేనేజర్‌గారికి వెళ్ళిపోతుంది. అంతా బాగానే ఉంది గానీ, చెకింగ్ మేడమ్ అడ్డం పడింది.

"నేను చూసి ఓకే నొక్కితేనే కదలాలి."

"సరే. కాదంటే మాత్రం కారణం రాయాల్సిందే. రాయకపోతే బటన్ పనిచేయదు," అన్నాడు అతను కసిగా.

ఆమె రాసింది. రోజుకొకటి చొప్పున రెండు నెలలు రాసింది. అంచు ఎక్కువైందట, అక్షరం లావైందట. అతను రోజూ ఆమె టేబుల్ దగ్గరికి వెళ్ళి పోట్లాడి వచ్చేవాడు. ఆ పోట్లాట లేని ఆదివారాలు తనకి అస్సలు తోచడం లేదని ఫోన్లో వదినతో మాత్రం చెప్పాడు.

"రోజుకి సరిగ్గా ఒకటే వెనక్కి పంపుతోందా?" అని వదిన నవ్వింది.

"నేనంటే పడదు వదినా."

"నీ మొహం!"

ఆఖరి ఫైలు నాలుగుసార్లు వెనక్కి వచ్చి, మేనేజర్‌గారు కేకలేశాక శుక్రవారం ఓకే అయింది. ఇక ఆ ఆఫీసులో అతనికి పని లేదు. ఉండమని ఆమె ఒక్క మాటైనా అనలేదు. మనసు విరిగి, వేరే బ్రాంచికి పంపమని మేనేజర్‌గారికి ఉత్తరం టైప్ చేశాడు. అలవాటుకొద్దీ దాన్ని ఆ ఫోల్డర్లోనే సేవ్ చేశాడు.

అది మారి ఆమె స్క్రీన్ మీదికి వచ్చింది. ఓకే నొక్కితే అతను వెళ్ళిపోతాడు. ఆమె రెండుసార్లు చదివి, కాదు నొక్కింది. కంప్యూటర్ కారణం అడిగింది.

కాసేపటికి ఆ కారణం అతని స్క్రీన్ మీద తెరుచుకుంది.

"ఇన్నాళ్ళూ నేను వెనక్కి పంపినవన్నీ బాగానే ఉన్నాయి. ఇదొక్కటే నాకు నచ్చలేదు."

బయట ఎప్పుడు వాన మొదలైందో అతను చూడలేదు. ఒకే ఒక్క వాక్యం టైప్ చేసి, ఈసారి కావాలనే ఆ ఫోల్డర్లో వేశాడు.

"సాయంత్రం నాతో టీకి వస్తారా?"

ఆమె నవ్వు ఆపుకుంటూ ఓకే నొక్కింది.

రెండు నిమిషాల్లో మేనేజర్‌గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ బయటికొచ్చారు.

"ఏమయ్యా, నన్ను టీకి పిలిచావేంటి? అదీ పీడీఎఫ్‌లో!"

ఆఫీసంతా తలలు తిప్పింది. ప్రోగ్రామర్ తల కీబోర్డు మీదికి వంచేశాడు. ఆమె నాలుక్కరుచుకుని, మెల్లగా లేచి నిలబడింది.

"అది మీకు కాదండీ. నాకు."

"మరి నాకెందుకొచ్చిందమ్మా?"

"నేను ఓకే అన్నాను కదండీ."