పది లక్షల రోజుల నంది

"ఆమెను కట్ చెయ్యి. ఈ రోజే."

ఛీఫ్ గొంతులో కోపం లేదు. నంద్యాల బస్టాండు ఎదుటి లాడ్జి గదిలో, మంచం అంచున కూర్చుని జాషువా ఆ మాట విన్నాడు. ఒక కాలికి సాక్సు ఉంది. రెండోది ఇంకా చేతిలోనే ఉంది.

"ఇంకో వారం చూద్దాం సార్."

"మూడు వారాలు చూశాం. కంప్యూటర్ సెక్షన్ ఇచ్చిన డేట్ జనవరి ముప్పై. ఆ రోజు ఆళ్ళగడ్డ నుంచి ఒక్క రాయి కదల్లేదు. పోయిన ఆగస్టులోనూ ఇదే కథ. సరుకు వెళ్ళిందని ప్రియదర్శిని చెప్పిన రోజుకీ, మన లెక్కకీ ఇరవై ఒక్క రోజులు తేడా. డబుల్ ఏజెంట్ రెండుసార్లు తప్పు చెబితే దాన్ని పొరపాటు అనరు, జాషువా. ఇక ఆమె ఎవరో మనకు తెలీదు. ఆ మాట ఆమెకు చెప్పి, కిట్ తీసుకుని ఢిల్లీ వచ్చెయ్."

ఫోన్ కట్టయింది. జాషువా రెండో సాక్సు తొడుక్కున్నాడు. అతనికి యాభై ఏడేళ్ళు. సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు. ఈ ఊళ్ళో అతను శనగల్లో తేమ కొలిచే మీటర్లు అమ్మే సేల్స్‌మన్. నాలుగు నెలల్లో నిజంగానే ఆరు మీటర్లు అమ్మాడు. డిపార్ట్‌మెంట్ పనిలో మాత్రం ఏమీ సాధించలేదు.

కేసు చిన్నదేమీ కాదు. విక్టర్ అనే పేరుతో తిరుగుతున్న ఒక విదేశీయుడు, శిల్పాల ఎగుమతి ముసుగులో మన రహస్యాలు దాటిస్తున్నాడు. ఈసారి అతని చేతిలో ఉన్నది ఒక లిస్టు. పరాయి దేశంలో మన కోసం పనిచేస్తున్న పదకొండు మంది పేర్లు. నెట్‌లో పంపితే మనవాళ్ళు పట్టేస్తారని, చిప్‌లో పెట్టి రాతిలో దాచి ఓడెక్కిస్తాడు. ఆ పదకొండు మందిలో ఇద్దరిని చేర్చింది జాషువానే. అందులో ఒకతను తన కూతురి పుట్టినరోజు కేకు ముక్క కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాడొకసారి.

విక్టర్ దగ్గర మేనేజరుగా చేరి, అతని గుట్టు డిపార్ట్‌మెంట్‌కు చేరవేస్తున్నది ప్రియదర్శిని. పీఠం మీద చెక్కించే తేదీయే కోడ్ అని చెప్పింది ఆమే. వేల ఏళ్ళ తర్వాతి ఆ తేదీ నుంచి పది లక్షల రోజులు వెనక్కి లెక్కపెడితే సరుకు బయల్దేరే రోజు వస్తుంది. శిల్పం ఫోటో వెబ్‌సైట్‌లో పెడితే చాలు, అవతలివాళ్ళకు కబురు అందినట్టే.

ఆ లెక్కే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

కిట్ అంటే డిటెక్టరూ పిస్టలూ దాచిన మీటరు పెట్టె. అది సంజీవనగర్‌లో, లీలావతి టీచర్ ఇంట్లో ఉంది. చిన్నప్పుడు జాషువాకు లెక్కలు చెప్పిన ఆవిడకు ఇప్పుడు డెబ్బై. అతను ఏ ఉద్యోగం చేస్తున్నాడో ఆవిడ ఎన్నడూ అడగలేదు, కానీ ఎనిమిదేళ్ళుగా అతని పెట్టెలు దాస్తోంది.

"ముందు తిను," అంది లీలావతి, ఉగ్గాని ప్లేటు ముందుకు తోసి. "మొగమేందీ అట్ల పీక్కపోయింది?"

"ఒకామెకు చెడ్డమాట చెప్పేదానికి పోతాండా టీచర్. నాకు మనసు రావడంల్యా."

"అయితే ఎందుకు పోతాండావ్?"

జాషువా ఫోన్‌లో ఫోటో తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. రూలు ప్రకారం చూపకూడదు. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి అతనికి రూలు మీద విసుగేసింది. నల్లరాతి నంది. పీఠం మీద చెక్కిన అక్షరాలు: *28 డిసెంబరు 4763 వరకు నిలుచుగాక.*

విషయం పైపైన చెప్పాడు. లీలావతి కళ్ళద్దాలు సర్దుకుని, గోడ క్యాలెండరు నుంచి పాత నెల కాగితం చించి తిరగేసింది.

"మిషను జనవరి ముప్పై అనింది. మిషను తప్పు చెప్పదు. సరే గానీ, రాతి మీదికి ఈ తేదీ లెక్క కట్టింది మిషనా, మనిషా?"

"మనిషే. వాళ్ళు కోడ్ ఏదీ కంప్యూటర్లో పెట్టరు. కాగితం మీద చేసి కాల్చేస్తారు."

"మనిషయితే మనిషి మాదిరే లెక్కబెట్టాల. 2100 లీపు సంవత్సరమా, కాదా?"

"నాలుగుతో భాగిస్తే పోతుంది గదా. లీపే."

"ముప్పై రెండేండ్లు పేపర్లు దిద్దినా. నూటికి తొంభై మంది నీ మాదిరే రాస్తారు." ఆవిడ నవ్వలేదు. "వందల ఏడాది లీపు కావాలంటే నాలుగు వందలతో పోవాల. 2000 పోయింది. 2100 పోదు, 2200 పోదు, 2300 పోదు. 2400 పోతుంది. ఇప్పటి నుంచి ఈ తేదీ దాకా వందల ఏండ్లు ఇరవై ఏడు. వాటిలో నిజంగా లీపు అయ్యేవి ఆరే. అది తెలీనోడు మిగిలినవన్నీ లీపే అనుకుంటాడు. తేడా ఎంత?"

జాషువా నోటిదాకా తెచ్చిన ముద్ద ప్లేటులోకి జారింది.

"ఇరవై ఒకటి."

"ఇరవై ఒక్క రోజులు."

ఆగస్టులోనూ అంతే తేడా. ప్రియదర్శిని అబద్ధం చెప్పలేదు. కంప్యూటరూ తప్పు చేయలేదు. తప్పు చేసింది విక్టర్ ముఠా. రాసేవాడూ చదివేవాడూ ఒకే తప్పు చేస్తున్నారు కాబట్టి వాళ్ళ కబురు వాళ్ళకు సరిగానే అందుతోంది.

లీలావతి పెన్సిలు అప్పటికే నడుస్తోంది. "వాళ్ళ మాదిరే చేస్తాం. నాలుగేండ్లకు 1461 రోజులు. పది లక్షల్లో అట్లాంటివి 684 పోతాయి. అంటే 2736 ఏండ్లు. ఇంకా 676 రోజులు మిగుల్తాయి. 4763 నుంచి ఆ ఏండ్లు తీసేస్తే 2027 డిసెంబరు 28. ఆ 676లో ఒక ఏడాది తీసేస్తే 2026 డిసెంబరు 28. ఇంకా 311 రోజులు వెనక్కి..." పెన్సిలు ఆగింది. ఆవిడ తలెత్తి గోడకేసి చూసింది.

"ఫిబ్రవరి ఇరవై. శుక్రవారం."

క్యాలెండరులో ఈ రోజు తేదీ కూడా అదే. టైము పది ముప్పావు.

జాషువా మెట్లు దిగుతూనే ఛీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సార్, షిప్‌మెంట్ ఈ రోజే. లోకల్ పోలీస్ కావాలి, ఆళ్ళగడ్డలో."

"ఏ ఆధారంతో?"

"లీపు సంవత్సరం, సార్."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "అప్రూవల్ తీసుకోవాలి. రెండు గంటలు పడుతుంది."

జాషువా కారు తలుపు తీసేసరికి లీలావతి ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒడిలో మీటరు పెట్టె.

"టీచర్, అక్కడ తుపాకులు ఉంటాయి."

"లెక్క నాది. ఆడ ఎవురన్నా అడిగితే నువ్వు చెప్పగలవా? పోనీ."

కారు శిరివెళ్ళ దాటింది. శనగ మూటల ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డం పడుతున్నాయి. హారను కొట్టి కొట్టి జాషువా చెయ్యి దించేశాడు.

"పది లక్షల రోజులంటే ఎంత కాలమో ఎప్పుడన్నా ఆలోచించినావా?" అంది లీలావతి. అతను మాటిమాటికీ టైము చూసుకోవడం ఆవిడ గమనించింది. "పది లక్షల సెకండ్లు పదకొండు రోజుల చిల్లర. నిమిషాలయితే రెండేండ్లకు కొంచెం తక్కువ. గంటలయితే నూట పద్నాలుగేండ్లు, ఒక ముసలోని ఆయుస్సు దాటిపోతుంది. రోజులయితే రెండు వేల ఏడు వందల ముప్పై ఎనిమిదేండ్లు. వెనక్కి పోతే బుద్ధుడింకా పుట్టల్యా."

"నా సర్వీసు?"

"పదివేల ఐదు వందల రోజులు, పైన కొంచెం. నీ మాదిరోళ్ళు తొంభై నాలుగు మంది ఒకరి తర్వాత ఒకరు రిటైరయినా, ఇంకా పన్నెండేండ్లు మిగుల్తాయి."

ఆ తొంభై నాలుగు మంది వరసగా, తలా ఒక పెట్టె పట్టుకుని, లాడ్జి మెట్లు దిగుతున్నట్టు జాషువాకు కనిపించింది. పాపం అనిపించింది. టైము చూసుకోవడం మాత్రం మానేశాడు.

ఆళ్ళగడ్డలో ఓబయ్య శిల్పశాల హైవే పక్కనే. రాతిధూళికి షెడ్డు, చెట్లు, మనుషులు అంతా ఒకటే రంగులో ఉన్నారు. లారీ ఇంజను ఆన్‌లో ఉంది. వెనకాల, గడ్డి పరుపు మీద తాళ్ళతో కట్టిన నంది. డ్రైవరు గేరు వేశాడు. జాషువా కారు తెచ్చి సరిగ్గా లారీ మూతి ముందు ఆపాడు.

లారీ పక్కన లేతాకుపచ్చ పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో ప్రియదర్శిని. ఆమె భుజాన్ని ఆనుకున్నంత దగ్గరగా, లినెన్ చొక్కాలో విక్టర్. అతని కుడిచెయ్యి జేబులో ఉంది. ఆ జేబు ఆమె నడుము వైపు తిరిగి ఉంది.

జాషువా మీటరు పెట్టె పట్టుకుని దిగాడు. "నమస్తే మేడం. మీ వైపు ఈ ఏడు శనగ తడిగా ఉందా?"

అది కోడ్‌వర్డ్. మూడు వారాలుగా ఆమె ఏ ఫోన్ చేసినా ఎవరూ పలకని కోడ్‌వర్డ్. ప్రియదర్శిని కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు.

"ఎండ తగిలితే సరిపోతుంది," అంది మెల్లగా.

"కారు తియ్యి," అన్నాడు విక్టర్. తెలుగు శుభ్రంగా ఉంది.

ఈలోగా లీలావతి నేరుగా ఓబయ్య దగ్గరికి నడిచింది. ఓబయ్యకు అరవై దాటాయి. చెవి వెనక పెన్సిలు, చేతిలో ఉలి.

"అప్పా, ఈ నంది మీద తేదీ చెక్కింది నువ్వేనా?"

"నేనేమ్మా. ఏందీ?"

"తప్పు పడింది."

ఓబయ్య ముఖం మారింది. "యాడ?"

"ఈ పొద్దు నుంచి పది లక్షల రోజులకు వచ్చే తేదీ గదా వీళ్ళు వేయించింది? అది డిసెంబరు 28 కాదు. 4764 జనవరి 18. ఇరవై ఒక్క రోజులు తక్కువ చెక్కినావు."

పది లక్షల రోజులు. ఆ మాట వినగానే విక్టర్ ముఖం పాలిపోయింది. ఏడేళ్ళుగా ఎవరూ పసిగట్టలేదని అతను నమ్మిన తాళంచెవిని కాటన్ చీర కట్టిన ఒక ముసలావిడ అందరి ముందూ గలగలలాడించింది.

"ఏం సార్?" ఓబయ్య విక్టర్ వైపు తిరిగాడు. "ఆయమ్మ చెప్పేది నిజమేనా?"

"ఫర్వాలేదు. అలాగే పంపు."

"మీకు ఫర్వాలేకపోవచ్చు. కింద నా పేరుండాది. ఆ యేడు ఎవరన్నా చదివి, ఆళ్ళగడ్డ ఓబయ్యకు లెక్క తెలీదంటే? తప్పక్షరంతో నా రాయి ఈ గేటు దాటదు. రేయ్, దించండ్రా!"

కూలీలు చైన్ పుల్లీ తగిలించారు. నంది లారీ మీంచి లేచి గాల్లో వేలాడింది. జాషువా మీటరు కడ్డీని పీఠానికి ఆనించాడు. దాని అడుగున డిపార్ట్‌మెంట్ బిగించిన డిటెక్టర్ కీచుమంది. సరుకు జాడ తెలిసేందుకు విక్టర్ పెట్టించిన ట్రాకర్ పీఠం లోపల ఉంది. చిప్ కూడా అక్కడే.

విక్టర్ పిస్టల్ బయటికి తీసి ప్రియదర్శిని మెడకు ఆనించాడు.

"మళ్ళీ ఎక్కించు. ఐదు లెక్కపెడతాను. ఒకటి. రెండు."

ఎవరూ కదల్లేదు. జాషువా పిస్టల్ పెట్టె అడుగు అరలో ఉంది. మూత తీయడానికి నాలుగు సెకండ్లు పడుతుంది. అంత టైము లేదు.

"మూడు."

"ఎక్కిస్తాండా సామీ, ఎక్కిస్తాండా," అన్నాడు ఓబయ్య. గొలుసు పట్టుకుని, లాగడానికి బదులు మూరెడు వదిలాడు. ఒకటిన్నర టన్నుల నంది ఊగి లారీ తొట్టిని ఢీకొంది. ఆ శబ్దానికి విక్టర్ కళ్ళు రెప్పపాటు అటు తిరిగాయి.

ప్రియదర్శినికి అది చాలు. అతని మణికట్టు పట్టి వెనక్కి విరిచింది. పిస్టల్ పేలింది. తూటా రాతిపెళ్ళల గుట్టలో దుమ్ము లేపింది. జాషువా పెట్టెతో సహా విక్టర్ మీద పడ్డాడు. ఇద్దరూ నేలకూలారు. జాషువా మోకాలు టక్కుమంది. లేవకుండా, విక్టర్ వీపు మీద అలాగే కూర్చుండిపోయాడు. నిజానికి అతనికి లేచే ఓపిక కూడా లేదు.

కూలీలు తాళ్ళు తెచ్చి విక్టర్‌ను కట్టేశారు. ఓబయ్య నందిని మెల్లగా దించి, పీఠం అడుగున పూజా యంత్రపు రేకు పెట్టే గుంత మూత ఉలితో లేపాడు. రాగిరేకు కింద, గోరంత చిప్. జాషువా దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. పదకొండు మంది. ఒక చిన్నపిల్ల తండ్రి.

ప్రియదర్శిని వచ్చి అతని పక్కన రాతిదిమ్మ మీద కూర్చుంది. పట్టుచీరకు ధూళి అంటుతున్నా పట్టించుకోలేదు.

"రాత్రి వీడు నా రెండో ఫోన్ చూశాడు. సరుకు వెళ్ళాక నన్ను కార్లో ఎక్కించుకుంటానన్నాడు. ఎక్కడికో అడగలేదు నేను." జాషువా వైపు తిరిగింది. "మూడు వారాలు. ఎందుకు పలకలేదు?"

"లెక్క తప్పిందని."

"ఎవరిది?"

"వాళ్ళది. మేం నీదనుకున్నాం."

ఆమె పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. లీలావతి తెచ్చి ఇచ్చిన నీళ్ళ సీసా తీసుకుని, సగం తాగి, మిగిలింది జాషువా చేతికిచ్చింది. క్షమించినట్టో కాదో అతనికి అర్థం కాలేదు. నీళ్ళు మాత్రం తాగాడు.

పోలీసు జీపులు పన్నెండున్నరకు వచ్చాయి. ఆ వెంటే ఛీఫ్ ఫోన్.

"అప్రూవల్ వచ్చింది, జాషువా. ప్రొసీడ్."

"థాంక్యూ సార్," అన్నాడు జాషువా.

ఇన్‌స్పెక్టర్ నందికి సీలు వేసి, సాక్ష్యం కింద తీసుకెళ్ళాలన్నాడు. ఓబయ్య పీఠం మీద చెయ్యి వేసి అడ్డం నిలబడ్డాడు.

"తప్పు దిద్దకుండా యాడికప్పా? అరగంట పని."

"ఇప్పుడు ముట్టుకోకూడదు పెద్దాయనా," అన్నాడు జాషువా. "కేసు తేలినాక నీకే ఇస్తారు. అప్పుడు దిద్దుకో."

ఓబయ్య ఆ తేదీ వంక చూశాడు. 4763.

"ఆ యేటి లోపల తేలుతుందంటావా?"

ఇరవై తొమ్మిదేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసిన జాషువా తొందరపడి మాట ఇవ్వలేదు.

"ప్రయత్నిస్తాం," అన్నాడు.