పదకొండో మెషిన్

"ఖాళీ డబ్బ వాపస్ ఇచ్చినవా? ఉత్త ఖాళీ డబ్బ?"

విద్యావతి గొంతు వంటింట్లోంచి గేటు దాకా వినిపించింది. చెప్పులు వేసుకుంటున్న కోడలు నవత ఆగిపోయింది.

"కడిగి, తుడిచి ఇచ్చిన అత్తమ్మా. తళతళ మెరుస్తుండె."

"మెరిస్తే ఏం జేస్కుంటరు? కమలాకుమారి గారు పైనుంచి డబ్బ నిండ కజ్జికాయలు పంపిన్రు. మనం పిడికెడు చక్కెరన్న ఏసి ఇయ్యద్దా? ఎవలన్న ఖాళీ గిన్నె వాపస్ పంపుతరా?"

"ఆమె ఏమనుకోలే."

"అనుకుంటే నీకు చెప్తదా?"

నవత భర్త బాలకిషన్ పేపరును మొహానికి మరింత దగ్గరగా పెట్టుకున్నాడు. "ఆమెకు లేటయితున్నదమ్మా."

"నువ్వు నడుమల రాకు."

ఇంట్లోవాళ్లకు తెలిసినంతవరకు నవత అశోక్‌నగర్‌లో ఒక స్టడీ హాల్‌కి మెస్ నడుపుతుంది. అసలు ఉద్యోగం వేరు. పద్నాలుగేళ్లుగా ఆమె ఒక రహస్య విభాగంలో ఏజెంట్. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె డబ్బా ఖాళీగా ఇచ్చిందన్నది మాత్రం అపార్ట్‌మెంట్ మొత్తానికి తెలిసిపోయింది.

తొమ్మిదిన్నర. చిక్కడపల్లి లైబ్రరీ. కిటికీ పక్కన బట్టతల పెద్దాయన ఒకరు పాత మ్యాగజైన్ తిరగేస్తున్నారు.

"పోయినేడాది కరెంట్ అఫైర్స్ ఉన్నాయా సార్?" అంది నవత.

"పాతవి ఎవరు చదువుతారమ్మా?"

"జ్ఞాపకం లేనివాళ్లు."

కోడ్ సరిపోయింది. చీఫ్ వీరరాఘవరావు మ్యాగజైన్ మూయకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టారు.

"మన పాత సర్వర్‌లో పదకొండు వర్చువల్ మెషిన్లున్నాయి. సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లు. ఒక్కో మెషిన్ అంటే ఒక్కో ఫైల్ అనుకో. వాటిని నడిపే పాత ప్రోగ్రామ్ లైసెన్స్ ఇవాళ్టితో సరి. వాటిని కొత్త సర్వర్‌లోని కొత్త ప్రోగ్రామ్‌లోకి మారుస్తున్నాం. పది అయిపోయాయి. మిగిలింది పదకొండోది."

"తులసి."

"అవును. విదేశాల్లో ఉన్న మనవాళ్ల అసలు పేర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఫైల్ కాపీ బయటికి పోతే సాయంత్రంలోగా ప్రహ్లాద్‌ని పట్టుకుంటారు."

నవతకు పని నేర్పింది ప్రహ్లాదే. మూడేళ్లుగా ఒక పరాయి రేవు పట్నంలో గడియారాలు బాగుచేస్తున్నాడు. ఇంకో నెలలో తిరిగి రావాలి.

"కాపీ ఎవరికి కావాలి సార్?"

"అద్దం ముఠాకి. పదకొండున్నరకి, మెషిన్ మారే సమయంలో లైన్ మీద దాడి చేస్తారట. పల్లవి చెప్పింది."

పల్లవి ఆ ముఠాలో ఉన్న మన మనిషి. మన దగ్గర ఉన్న ముఠా మనిషి కూడా ఆమే. మెషిన్లు మార్చే పని మొత్తం ఆమె చేతిలోనే ఉంది.

"ఆమెను నమ్ముతున్నారా సార్?"

"నమ్మను. వాడుకుంటాను. నువ్వు కన్ను వేసి ఉంచు."

స్టడీ హాల్ రెండో అంతస్తులో అరవైమంది గ్రూప్స్ అభ్యర్థులు తలలు వంచుకుని చదువుతున్నారు. నవత కాటన్ చీర కొంగు దోపుకుని, నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్‌తో వాళ్ల మధ్యనుంచి నడిచింది. మెస్ అక్కను ఎవరూ తలెత్తి చూడరు. టెస్ట్ సిరీస్ బీరువా వెనక తలుపు ఉంది. తలుపు వెనక సర్వర్ రూమ్ ఉంది.

క్యారియర్‌లో పై మూడు గిన్నెల్లో అన్నం, పప్పు, బెండకాయ వేపుడు. అడుగు గిన్నెలో కూర లేదు, ఒక పరికరం ఉంది. డేటా దొంగదారిన బయటికి పోతుంటే అది వణుకుతుంది.

"రండక్కా. వేపుడు వాసన ఘుమఘుమలాడిపోతోందండీ," అంది పల్లవి. నెమలికంఠం రంగు చీర, తలమీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలు, గది నిండా మల్లె సెంటు. ఏసీ గదిలో నల్ల కళ్లద్దాలు ఎందుకో నవతకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని ఆమె గుర్తు పెట్టుకుంటుంది.

కీబోర్డు ముందు ఇంజినీర్ అనుదీప్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. అతన్నీ గుర్తు పెట్టుకుంది.

పని మొదలైంది. తులసిని ఆపారు. డిస్క్ ఫైల్‌ని పాత ప్రోగ్రామ్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త ఫార్మాట్‌లోకి మార్చడం మొదలుపెట్టారు. స్క్రీన్ మీద శాతం పెరుగుతోంది. నలభై. అరవై.

పదకొండున్నర. అడుగు గిన్నె వణికింది.

"వచ్చేశారు!" పల్లవి ఒక్క అంగలో లేచి బయటి లైన్ కేబుల్ లాగేసింది. వణుకు ఆగింది. పావుగంటకు తులసి కొత్త ప్రోగ్రామ్‌లో లేచి కూర్చుంది. అనుదీప్ చప్పట్లు కొట్టాడు.

"చూశారా అక్కా, నేను చెప్పిందే జరిగింది!" అంది పల్లవి.

నవత నవ్వింది. చెప్పిన టైముకి చెప్పినట్టే వచ్చే దొంగను ఆమె ఇంతవరకూ చూడలేదు.

పన్నెండుం పావుకి తలుపు తెరుచుకుంది. ట్రాలీ ఆటో డ్రైవర్ బాలప్ప పాత సర్వర్‌ని చక్రాల బల్లమీద పెట్టి తోసుకుపోతున్నాడు.

"ఇదేంది?"

"కిరాయి సర్వర్ అక్కా. ఇవాళ వాపసు ఇచ్చేయాలి," అంది పల్లవి. "ఖాళీదేలెండి. అంతా కొత్తదాన్లోకి మారిపోయిందిగా."

ఖాళీది. వాపసు. నవత చెవిలో పొద్దుటి గొంతు మళ్లీ మోగింది. ఎవలన్న ఖాళీ గిన్నె వాపస్ పంపుతరా?

పప్పును ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలో పోస్తే మొదటిది ఖాళీ అవుతుంది. మెషిన్ సంగతి అలా కాదు. పేరుకి మార్చడమే గాని, జరిగేది కాపీ. ఎవరో ఒకరు తుడిచేదాకా అసలుది పాత డిస్క్‌లోనే ఉంటుంది. పొద్దుటినుంచి అందరూ కొత్త డబ్బాకి కాపలా కాస్తున్నారు.

గోడకు రిజిస్టర్ వేలాడుతోంది. 'డిస్క్ తుడిచివేత: 11.50 నుంచి 12.10. సంతకం: పల్లవి.'

పెళ్లి గుండిగ తోమడానికే గంట పడుతుంది.

"అనుదీప్, సాంబారు గిన్నె మోయాలె, కిందికి రా. నీ బ్యాగు కూడా తెచ్చుకో."

మెట్లమీద అడిగింది. "ఆ డిస్క్ మొత్తం తుడవాలంటే ఎంతసేపు?"

"ఎనిమిది టెరాబైట్లు అక్కా. తక్కువల తక్కువ పది గంటలు." అతను మెట్టుమీదే ఆగిపోయాడు. "ఇరవై నిమిషాలల్ల కాదు."

"బండి తియ్యి. అగో, ట్రాలీ నారాయణగూడ దిక్కు పోతున్నది."

అతని స్కూటర్ వెనక కూర్చుని నవత అతని మెడవైపే చూస్తోంది. వీడూ వాళ్ల మనిషే అయితే? నారాయణగూడ వెళ్లమంటే ఇంకెటో తిప్పితే? మలుపు వచ్చినప్పుడల్లా ఆమె చేయి క్యారియర్ పిడిమీద బిగుసుకుంది. అనుదీప్ ఎటూ తిప్పలేదు.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ట్రాలీ కనపడింది. అంతలో గ్రీన్ పడింది. ట్రాలీ కదిలింది. పిస్టల్ తీస్తే జనం చెల్లాచెదురవుతారు, ముఠాకి కబురు పోతుంది. నవత టిఫిన్ క్యారియర్ పైకెత్తి గట్టిగా అరిచింది.

"ఓ అన్నా! అన్నం డబ్బ మర్చిపోయినవ్!"

బాలప్ప ఠక్కున బ్రేకు వేశాడు. అన్నం డబ్బా అని వింటే ఆగని డ్రైవర్ ఈ ఊళ్లో లేడు.

"నాది కాదక్కా... అయినా ఏం కూర?"

"బెండకాయ. పక్కకు ఆపి తిను. సర్వర్ ఎక్కడికి?"

"బర్కత్‌పుర. ఒంటిగంటకల్ల ఇయ్యాలన్నది మేడం. ఆడ ఒక సారు నిలబడుతడట." అతను అప్పటికే గిన్నె మూత తీశాడు.

అనుదీప్ సర్వర్ ముందువైపు సొరుగులాంటి డిస్క్‌ని లాగి తన లాప్‌టాప్‌కి కలిపాడు. మెషిన్ లేచింది. నవత పాస్‌వర్డ్ కొట్టింది. మొదటి వరుసలోనే ప్రహ్లాద్ పేరు, షాపు చిరునామాతో సహా.

ఆమె చీఫ్‌కి ఫోన్ చేసింది. "తులసి ఇక్కడ ఉంది సార్. నా చేతుల."

"జప్తు చేసి తీసుకొచ్చెయ్యి!"

"తెస్తే వాళ్లు మాయమయితరు సార్. వాపసు పంపుదాం. కానీ ఖాళీగా కాదు." అనుదీప్ వైపు తిరిగింది. "ఈ మార్పిడికి ముందు రిహార్సల్ దేనిమీద చేసినవ్?"

"దొంగ తులసి అక్కా. సేమ్ డిస్క్, సేమ్ మెషిన్. పేర్లే డమ్మీ. బ్యాగులనే ఉంది. లేవంగనే అది ఎక్కడున్నదో మనకు చెప్తది."

"పెట్టు."

పన్నెండు నలభై తొమ్మిది. అనుదీప్ దొంగ తులసి డిస్క్‌ని సర్వర్‌లోకి తోశాడు. డిస్క్ సగంలో ఇరుక్కుంది. బాలప్ప ఫోన్ మోగింది. స్పీకర్‌లో పల్లవి తియ్యటి గొంతు. "ఎక్కడున్నారండీ?"

బాలప్ప నవతను చూశాడు. ఆమె చుట్టూ ఉన్న బండ్లను చూపించింది.

"నారాయణగూడల మస్తు జామ్ ఉంది మేడం. పరేషాన్ కాకుండ్రి, వస్తున్న."

టక్. డిస్క్ కూర్చుంది. ఒంటిగంటకు ఇంకా ఒక్క నిమిషం ఉండగా పాత సర్వర్ బర్కత్‌పురలో చేతులు మారింది. ఒకటిన్నరకి ఒక మేడ మూడో అంతస్తులో దొంగ తులసి లేచి తన చిరునామా చెప్పింది. రెండింటికి చీఫ్ మనుషులు ఆ తలుపు తట్టారు. ముఠా అప్పటికి పేర్ల జాబితా చదువుతోంది. అవి కవాడిగూడ స్కూల్లో అనుదీప్‌కి చదువు చెప్పిన టీచర్ల పేర్లు. లెక్కల మాస్టారు ఏ దేశంలో ఉన్నాడా అని వాళ్లు తెగ వెతుకుతున్నారట.

పల్లవిని స్టడీ హాల్ మెట్లమీద ఆపారు. ఆమె నల్ల కళ్లద్దాలు కళ్లమీదికి దించుకుంది.

"ఎలా పట్టారు అక్కా?"

"మా అత్తమ్మ చెప్పింది."

పల్లవి కళ్లద్దాలు మళ్లీ తలమీదికి నెట్టింది. "అత్తమ్మ... ఆ కోడ్‌నేమ్ మా ఫైళ్లలో లేదండీ."

రాత్రి ఏడున్నరకు ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. నవత టిఫిన్ క్యారియర్ కడిగి బోర్లించి వచ్చింది. ఆమె ఫోన్లో చీఫ్ మెసేజ్ ఉంది: 'గడియారాలు సరిగ్గా నడుస్తున్నాయి.' రెండుసార్లు చదివి తుడిచేసింది.

విద్యావతి పచ్చిపులుసు గిన్నె మధ్యలో పెట్టి గొంతు సవరించుకుంది. "ఒక మాట చెప్తున్న, ఇద్దరు ఇనుండ్రి. రేపటి సంది ఈ ఇంట్ల డబ్బలు వాపస్ ఇచ్చే పని నాది. నవతకు ఆ పని రాదు."

బాలకిషన్ భయంభయంగా భార్యను చూశాడు.

"సరే అత్తమ్మా," అంది నవత, పచ్చిపులుసు పోసుకుంటూ. ఇంత పెద్ద బాధ్యత తన చేతిలో ఉండాలని ఆమె కూడా అనుకోవడం లేదు.