ఎర్ర గీత

కాకి మూడోసారి వచ్చి వాలింది.

శ్రీవాసవి కట్టె ఎత్తి అదిలించింది. కాకి ఎగిరి పిట్టగోడ మీద కూర్చుంది. పోలేదు.

మిద్దె మీద రెండు పాత పంచెలు పరిచి ఉన్నాయి. వాటి నిండా అవ్వ వెంకటలక్ష్మమ్మ నిన్న పెట్టి, పొద్దున ఒలిచి ఎండబోసిన సగ్గుబియ్యం వడియాలు. నాలుగు గంటల దాకా కాపలా ఉండమని చెప్పి అవ్వ కింద పడుకుంది. అమ్మానాన్నలు బజారులో బట్టల అంగట్లో ఉన్నారు. వేసవి సెలవులు. బద్వేలు ఎండకు మెట్ల గది నీడ కూడా కాలుతోంది.

కింద ముందుగదిలో కంప్యూటర్ ఉంది. దానికి నెట్ ఉంది. శ్రీవాసవి మనసంతా అక్కడే ఉంది.

కాకులను తరమడానికి మనిషే ఉండనక్కర లేదు. ఏదైనా ఎగురుతూ ఉంటే చాలు, దగ్గరికి రావు. దండెం మీద అవ్వ నల్లచీర ఆరుతోంది. శ్రీవాసవి దాన్ని తీసి ఒక కొస పిట్టగోడ కమ్మీకి కట్టింది. రెండో కొస కట్టడానికి చుట్టూ చూసింది. మిద్దె నడుమ ఉన్నది ఒక్కటే. నెట్ కోసం ఓబుళేశు నిలిపిన ఇనుప గొట్టం.

దానికి ఏమీ కట్టకూడదని ఆమెకు తెలుసు. అయినా కట్టింది. కాసేపే కదా అనుకుంది.

చీర టపటపా కొట్టుకుంది. కాకి లేచిపోయింది. శ్రీవాసవి కిందికి దిగింది.

ఓబుళేశు ఆ ఊళ్లో వైరు లేకుండా నెట్ ఇచ్చే మనిషి. వడ్ల మిల్లు ఆవరణలో ఎనభై అడుగుల ఇనుప కంబం నాటాడు. దాని కొనన తెల్ల డబ్బాలు ఉంటాయి. నెట్ కావాలన్న ప్రతి ఇంటి మీదా, అంగడి మీదా అన్నం పళ్లెమంత పలక ఒకటి బిగిస్తాడు. ఆ పలక కంబాన్ని సూటిగా చూస్తూ ఉండాలి. నడుమ చెట్టు గానీ గోడ గానీ అడ్డం రాకూడదు.

సినిమా హాలు వెనక వీధికి కంబం కనబడదు. అందుకని శ్రీవాసవి వాళ్ల మూడంతస్తుల మిద్దె మీద గొట్టం నిలిపి రెండు పలకలు పెట్టాడు. ఒకటి కంబం నుంచి అందుకుంటుంది. రెండోది వెనక వీధికి అందిస్తుంది. ఆ వీధిలో తొమ్మిది ఇళ్లు, ఒక విత్తనాల అంగడి, ఒక నెట్ సెంటర్ ఈ మిద్దె మీదే ఆధారపడి ఉన్నాయి.

బిగించిన రోజు శ్రీవాసవి అడిగింది, గాల్లో ఎట్లా వస్తుందని. ఓబుళేశు అద్దం ముక్క ఒకటి తీసి ఎండను ఎదురింటి గోడ మీద వేసి చూపించాడు.

“ఇట్లా అనుకో పాపా. చెయ్యి రవ్వంత కదిలితే వెలుగు యాడికో పోతాది. పలకా అంతే.”

తరువాత కంబం వైపు పలక బిగింపు మీదా గొట్టం మీదా కలిపి ఎర్ర రంగుతో ఒక గీత గీశాడు. పలక తిరిగితే గీత రెండు ముక్కలవుతుంది. రోజూ ఒకసారి గీత చూడడం నీ పని అని చెప్పాడు. ఓబుళేశు కూతురు శిల్ప, శ్రీవాసవి ఒకే బెంచీ. ఆ పని తనకు అప్పగించారని శ్రీవాసవి క్లాసులో అందరికీ చెప్పుకుంది.

నాన్న మాత్రం ఒక్క మాటే అన్నాడు. ఆ గొట్టం మీద చెయ్యి పడితే వీపు పగులుతుందన్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చుని పావుగంట కాలేదు. తెర మీద బొమ్మ ఆగిపోయింది. బల్ల మీది చిన్న పెట్టెలో మూడు పచ్చ లైట్లు ఉంటాయి. మూడోది ఆరిపోయింది.

బయట కిటికీ రెక్క దబ్బున కొట్టుకుంది. గాలి లేచింది.

శ్రీవాసవి మెట్లెక్కి పరుగెత్తింది. నల్లచీర గాలికి పొట్టలా ఉబ్బి, పలకకు చుట్టుకుని లాగుతోంది. కంబం వైపు చూడాల్సిన పలక సినిమా హాలు గోడను చూస్తోంది. ఎర్ర గీత రెండు ముక్కలయింది. ముక్కకూ ముక్కకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం.

చీర ముడి విప్పింది. పలకను రెండు చేతులతో పట్టి వెనక్కి తిప్పబోయింది. రాలేదు. బిగింపు అడ్డంగా పట్టేసింది. ఇనుము కాలి అరచేతిలో బొబ్బ లేచింది. చీరను ఉండలా చుట్టి మెట్ల కింద దాచింది.

కింద ఫోన్ మోగింది.

ఓబుళేశు. వెనక వీధి మొత్తానికి నెట్ పోయిందని చెప్పాడు. మిల్లు కంబానికీ ఈ మిద్దెకూ లంకె తెగింది. తప్పు అక్కడైనా ఉండాలి, ఇక్కడైనా ఉండాలి.

“మిద్దె మీదికి ఎవరన్నా పోయినారా పాపా?”

“లేదు మామా.”

“ఒకసారి పోయి గీత కలిసుండాదా చూసి చెప్పు. నేను లైన్లోనే ఉంటా.”

శ్రీవాసవి ఫోన్ పక్కన పెట్టింది. నాలుగు మెట్లు ఎక్కి ఆగింది. గోడకు ఆనుకుని ఇరవై దాకా లెక్కపెట్టింది. తిరిగి వచ్చి ఫోన్ తీసుకుంది.

“కలిసే ఉండాది మామా.”

“సరే. అయితే తప్పు ఈ కొసనే ఉండాది.”

ఫోన్ పెట్టేశాడు. శ్రీవాసవికి మొదట ఊపిరి తిరిగింది. ఆ మాటకు అర్థమేమిటో అప్పుడు తోచలేదు.

గాలి పెరిగింది. లంకమల కొండల వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. అవ్వ మేలుకుని, వడియాలు ఎగిరిపోతున్నాయని గొణుగుతూ మెట్లెక్కింది. అప్పుడే శిల్ప ఆడుకోవడానికి వచ్చింది. ముగ్గురూ మిద్దె మీద వంగి వడియాలు ఏరసాగారు. శ్రీవాసవి పలకకు వీపు పెట్టి కూర్చుంది. ఆ వైపు శిల్ప చూడకుండా ఉంటే చాలనుకుంది.

శిల్ప పలకను చూడలేదు. దూరంగా మిల్లు వైపు చూసింది.

“అదిగో, మా నాయన.”

కంబం మీద మనిషి. చీమంత ఉన్నాడు. సగం ఎక్కేశాడు. గాలికి చొక్కా వీపున ఉబ్బి కొట్టుకుంటోంది.

అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. “ఈ గాల్లో ఎక్కతాండాడే. మతి ఉండాదా వానికి?”

నెట్ సెంటర్ దగ్గర గొడవ జరుగుతోందని శిల్ప చెప్పింది. ఏదో కాలేజీ అప్లికేషన్లకు ఈ రోజే ఆఖరు. అయిదు గంటలకు మూసేస్తారు. కొందరు బస్టాండు దగ్గరి సెంటర్‌కు పరుగెత్తారు. మిగిలినవాళ్లు ఇంటి మీదికి వచ్చి నాయన మీద అరిచారు. ఉరిమేటప్పుడు కంబం ఎక్కనని అమ్మకు మాటిచ్చాడు. ఇంకా ఉరమలేదు కదా, ఈలోపల దిగొస్తానని పోయాడు.

“తప్పు పైనే ఉండాదంట. నువ్వే చూసి చెప్పినావంట కదా,” అంది శిల్ప.

శ్రీవాసవి చేతిలోని వడియాలు పొడి అయిపోయాయి.

కంబం మీద ఓబుళేశు కాలు మెట్టు తప్పింది. ఒక చేత్తో వేలాడి మళ్లీ నిలదొక్కుకున్నాడు. శిల్ప అరవలేదు. శ్రీవాసవి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చేతిలోనే బొబ్బ ఉంది. అది పగిలింది. శ్రీవాసవి చెయ్యి లాక్కోలేదు.

కొండల మీద మొదటి ఉరుము ఉరిమింది.

ఓబుళేశు దిగలేదు. పైకే పోతున్నాడు. పైన తప్పు ఉందని నమ్మాడు. దొరికే దాకా వెతుకుతాడు. అక్కడ ఏమీ దొరకదు.

“శిల్పా.” శ్రీవాసవి పలక వైపు చెయ్యి చూపింది. “పైన ఏమీ చెడిపోలా. చెడింది ఈడ.”

శిల్ప తిరిగి చూసింది. పలక చూసింది. రెండు ముక్కలైన గీత చూసింది. ఫోన్ కోసం కిందికి పరుగెత్తింది.

శ్రీవాసవి ఆమె వెనకే దిగి వీధిలో పడింది. చెప్పులు వేసుకోలేదు. దుమ్ము కళ్లలో పడుతోంది. మూడు వీధులు. ఎక్కడా ఆగలేదు.

మిల్లు ఆవరణలో కావలివాడు నరసన్న కంబం దగ్గర, సామాన్లు పైకి లాగే తాడు కొస పట్టుకుని తల పైకెత్తి నిలబడ్డాడు. పక్కన ఓబుళేశు సంచి. అందులో ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. గాలి హోరులో నరసన్న వినిపించుకోలేదు.

శ్రీవాసవి పైకి చూసి అరిచింది. మామా, దిగు అని అరిచింది. గాలి మాటను తీసుకుపోయింది. ఓబుళేశు కొనన డబ్బా మూత విప్పుతున్నాడు.

“తప్పు మా ఇంట్లో ఉండాది తాతా. నేను అబద్ధం చెప్పినా. ఆయన్ని దిగమను.”

నరసన్న ఆమెను ఒక చూపు చూశాడు. తాడు కొస గుంజకు చుట్టి మిల్లు షెడ్డుకు వేలాడే రైలు పట్టా ముక్క దగ్గరికి పోయాడు. పనివాళ్లను పిలవడానికి కొట్టేది అది. ఇనుప కమ్మీ తీసుకుని బాదాడు. బాదుతూనే ఉన్నాడు. హమాలీలు షెడ్డులోంచి బయటికి వచ్చారు.

ఓబుళేశు కిందికి చూశాడు.

అంత ఎత్తుకు మాట పోదు. శ్రీవాసవి చేత్తో రొమ్ము మీద కొట్టుకుంది. తమ మిద్దె వైపు చూపించింది. రెండు అరచేతులు కలిపి పలకలా పట్టి పక్కకు తిప్పింది. మళ్లీ రొమ్ము మీద కొట్టుకుంది. హమాలీలు అందరూ చూస్తున్నారు. ఆపలేదు. మళ్లీ, మళ్లీ చేసింది.

ఓబుళేశు చాలాసేపు కదలలేదు. తరువాత ఒక కాలు కింది మెట్టు మీద పెట్టాడు.

చినుకులు పడ్డాయి. ఆయన సగం దిగేసరికి కొండల మీద మెరుపు తెల్లగా చీలింది. ఇంకా రెండు నిలువుల ఎత్తులో ఉండగా తడిసిన మెట్టు మీద కాలు జారింది. కంబాన్ని నేలకు లాగి కట్టిన ఇనుప తీగను పట్టుకున్నాడు. తీగ పట్టుకునే నేల దాకా జారి వచ్చాడు. అరచేతులు రెండూ కోసుకుపోయాయి.

బతికాడు.

షెడ్డు కింద నరసన్న ఆయన చేతులకు తువాలు చుట్టాడు. ఓబుళేశు శ్రీవాసవిని దగ్గరికి పిలిచాడు. గొంతు పెంచలేదు.

“గీత చూసినావా?”

“చూళ్లేదు.”

“మిద్దె ఎక్కినావా?”

“మెట్ల మీద నిలబడి లెక్కపెట్టినా.”

ఓబుళేశు తువాలులోంచి ఊరుతున్న రక్తం చూసుకున్నాడు.

“నువ్వు కలిసుండాదన్నావు. నేను ఎక్కినా.”

వాన వెలిశాక ఓబుళేశు శ్రీవాసవి వాళ్ల మిద్దె ఎక్కి, కట్టు కట్టిన చేతులతోనే నట్టు వదులు చేసి, పలక తిప్పి, గీత కలిపి బిగించాడు. ఆయన దిగిపోయేటప్పటికి అయిదు ఎప్పుడో దాటింది. నెట్ సెంటర్ ముందు ఎవరూ లేరు. బస్టాండు దాకా పోయిన వాళ్లలోనూ అందరికీ అప్లికేషన్ వేయడం కుదరలేదని తరువాత తెలిసింది.

ఆ రాత్రి నాన్నకు శ్రీవాసవే చెప్పింది. చీర సంగతి, మెట్ల సంగతి, అన్నీ చెప్పింది. నాన్న కొట్టలేదు. పొద్దున్నే గాయాలకు రాసే మందు కొని ఆమె చేతికిచ్చి ఓబుళేశు ఇంటికి తీసుకుపోయాడు. శిల్ప అమ్మ గిడ్డమ్మ గడపలోనే మందు అందుకుంది. లోపలికి రమ్మనలేదు.

జూన్‌లో బడి తెరిచారు. శిల్ప బెంచీ మారింది. శ్రీవాసవి పక్కన చోటు ఖాళీగానే ఉండిపోయింది. ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఆమె ఎవరినీ పిలవలేదు.

రోజూ బడి నుంచి రాగానే మిద్దె ఎక్కి గీత చూసేది. చూడమని ఇప్పుడు ఎవరూ చెప్పలేదు.

జూలైలో ఒక ఆదివారం సాయంత్రం ఒంటరిగా గోడకు బంతి కొట్టుకుంటూ ఉంది. బంతి గోడ అంచుకు తగిలి పక్కకు లేచి పలక మీద పడింది.

దగ్గరికి పోయి చూసింది. గీత వేలెడు తప్పింది. కిందికి పోయి పెట్టె చూసింది. మూడో లైటు వెలుగుతోంది, ఆరుతోంది. కొంచెంసేపట్లో వెనక వీధి వాళ్లు ఓబుళేశుకు ఫోన్ చేస్తారు. గాలికి తిరిగిందనుకుంటారు. కోతి కదిలించిందనుకుంటారు. ఇంట్లో ఎవరూ లేరు. చూసినవాళ్లు లేరు.

నంబరు కంఠతా వచ్చు. తిప్పింది.

“ఎవరు?”

ఓబుళేశు కాదు. శిల్ప.

శ్రీవాసవికి ఫోన్ పెట్టేయాలనిపించింది. పెట్టలేదు.

“నేను, వాసవిని. మా మిద్దె మీద పలకకు బంతి తగిలింది. నేనే కొట్టినా. గీత వేలెడు తప్పింది. పైకి పోయి చూసే చెప్తాండా.” ఊపిరి తీసుకుంది. “కంబం ఎక్కొద్దని మీ నాయనకు చెప్పు.”

అవతల మాట లేదు. శ్రీవాసవి లెక్కపెట్టలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది.

ఫోన్ పక్కకు జరిగిన చప్పుడయింది. శిల్ప ఇంట్లోకి కేక వేయడం వినిపించింది.

“నాయనా, తప్పు వాసవి వాళ్ల మిద్దె మీద ఉండాదంట. కంబం ఎక్కొద్దంట.”

శ్రీవాసవి ఫోన్ పెట్టేసి మళ్లీ మిద్దె ఎక్కింది. ఓబుళేశు వచ్చే దాకా గీత పక్కనే నిలబడింది.