దొంగ విజిల్

బాస్కెట్‌బాల్ కోర్టు మూల పేర్చిన పరుపుల వెనకాల దుమ్ము ముక్కులోకి పోయి తుమ్ము ముంచుకొచ్చింది. డిటెక్టివమ్మ రెండు చేతులతో ముక్కు గట్టిగా మూసుకుంది. ఇప్పుడు గనక తుమ్మిందంటే కొంప మునిగినట్టే.

డిటెక్టివమ్మ అనేది అసలు పేరు కాదులెండి. అయిదో తరగతి చదివే ఆ పిల్లకి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు. ఆ పిల్లకి అందరి మీదా అనుమానమే. అమ్మ బీరువా తలుపు కాస్త గట్టిగా వేస్తే బిస్కెట్లు దాస్తోందని అనుమానం. టీచర్ నవ్వుతూ క్లాసులోకి వస్తే ఇవాళ స్లిప్ టెస్ట్ ఉందని అనుమానం. ఈ రెండోది మాత్రం చాలాసార్లు నిజమైంది, ఆ పిల్లని అనడానికి లేదు.

అమ్మ నర్సు. ఆస్పత్రిలో డ్యూటీ దిగేదాకా చెల్లెల్ని కనిపెట్టుకుని ఉండే పని అక్కది. అక్క కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. మర్నాడే ఫైనల్. అదీ వంతెన అవతలి కాలేజీతో. పోయినేడు వాళ్ల చేతిలోనే ఓడిపోయి వచ్చి, అక్క గది తలుపు వేసుకుని ఏడ్చింది. తలుపుకి చెవి ఆనించి విన్నది కాబట్టి ఆ సంగతి డిటెక్టివమ్మకి తెలుసు. అక్కకి ఇదే ఆఖరి ఏడాది. ఈసారీ ఓడిపోతే మళ్లీ ఆడే అవకాశం లేదు.

ఫైనల్ అక్క కాలేజీలోనే కాబట్టి ఎదుటి జట్టుకి కూడా ఒక గంట కోర్టు ఇవ్వాలని రూలు. అక్కావాళ్లు ప్రాక్టీసు ముగించి బయటికి వెళ్లిపోయారు. చెల్లెల్ని మెట్ల మీద కూర్చోమని చెప్పి అక్క బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది. ఆ పిల్ల కూర్చుంటుందా? పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చి పరుపుల చాటున చేరింది.

వంతెన అవతలి జట్టులో ఒకమ్మాయి మరీ పొడుగు. ఆ అమ్మాయికి అక్కడికక్కడే నిచ్చెన అని పేరు పెట్టేసింది. నిచ్చెన వస్తూనే ఒక చిన్న డబ్బా తమ కోచ్ మేడమ్ చేతిలో పెట్టింది. మేడమ్ అటూ ఇటూ చూసి దాన్ని జేబులో వేసుకుని జిప్ లాగింది. అదేం డబ్బా? ఎందుకంత జాగ్రత్త?

ఆట మొదలైంది. కాసేపటికి మేడమ్ విజిల్ ఊదింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. నిచ్చెన మాత్రం ఆగలేదు. బంతి కొట్టుకుంటూ నేరుగా వెళ్లి బాస్కెట్‌లో వేసేసింది. అప్పుడు జట్టులో పొట్టిగా ఉన్న అమ్మాయి ఆమె ఎదురుగా పరుగెత్తి పిడికిలి పైకెత్తింది. అది చూశాకే నిచ్చెన ఆగింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. మళ్లీ విజిల్, మళ్లీ అదే తంతు.

డిటెక్టివమ్మకి అంతా అర్థమైపోయింది. విజిల్ విననట్టు నటించి, మిగతావాళ్లు ఆగిపోయాక తాపీగా బాస్కెట్ వేసుకోవడం. ఆ పిడికిలేమో వాళ్ల రహస్య సంకేతం. ఆహా, ఎంత మోసం!

ఇంటికి వెళ్లే దారిలో మొత్తం అక్క చెవిన వేసింది. దాక్కున్నందుకు ముందు రెండు అక్షింతలు పడ్డాయి. ఆ తర్వాత, ఎంతైనా ఫైనల్ కదా, అక్క మెల్లగా ఆరా తీసింది. ఆ పొడుగమ్మాయి ఎటు తిరిగి బంతి వేస్తుంది? ఎడమవైపే తిరుగుతుందని చెల్లెలు చెప్పింది. అక్క కళ్లు మెరిశాయి. మోసం గొడవ మాత్రం పట్టించుకోలేదు.

"నువ్వు చూసింది చెప్పు చాలు. అనుకున్నది చెప్పకు," అంది.

ఆ మాట డిటెక్టివమ్మకి నచ్చలేదు. అక్క మరీ అమాయకురాలు, తనే ఏదో ఒకటి చెయ్యాలి అనుకుంది. పక్కింట్లో ఒక పిల్ల ఉంది. ఎక్కడికి వెళ్లినా డిటెక్టివమ్మ వెంటే ఉంటుంది కాబట్టి ఆ పిల్లని అందరూ తోక అంటారు. తోక దగ్గర స్కూలు ఆటల పోటీలప్పటి విజిల్ ఒకటుంది. రేపు నిచ్చెన బంతి పట్టుకోగానే గ్యాలరీలోంచి విజిల్ ఊదాలి. ఆమె ఆగదు. ఆగకపోతే ఆమె నాటకం అందరి ముందూ బయటపడుతుంది. పథకం విని తోక నోరు తెరిచింది.

మర్నాడు గ్యాలరీ కిటకిటలాడింది. ఇద్దరికీ చోటు దొరక్కపోతే, ముందు వరసలో కూర్చున్న ఒక ఆంటీ తన బ్యాగు ఒళ్లో పెట్టుకుని జరిగి కూర్చుంది. ఎవరి తరఫు అని ఆవిడ అడిగితే డిటెక్టివమ్మ ఊరికే ఆట చూడ్డానికి వచ్చామంది. ఊరికే అడుగుతుందా ఈవిడ? ఏదో కూపీ లాగుతోందని అనుమానం.

అక్క ఆట చూడాలి! నిచ్చెన ఎడమకి తిరిగినప్పుడల్లా అక్క అక్కడే ఉంది. పాయింట్లు పోటాపోటీగా సాగాయి. ఆట సగం దాటేసరికి అక్కావాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. సరిగ్గా అప్పుడే బంతి నిచ్చెన చేతికి వచ్చింది. తోక విజిల్ అందించింది. డిటెక్టివమ్మ బుగ్గలు పూరించి ఊదింది.

అక్క ఆగిపోయింది. అక్క జట్టంతా ఆగిపోయింది. నిచ్చెన జట్టులో మిగతావాళ్లూ ఆగిపోయారు. రిఫరీ చెయ్యి ఎత్తలేదేమని చూస్తూ పొట్టి అమ్మాయి పిడికిలి ఎత్తడమే మరిచిపోయింది. నిచ్చెన ఒక్కతే వెళ్లి బాస్కెట్ వేసింది.

"చూశారా! ఆగలేదు!" అంటూ డిటెక్టివమ్మ లేచి నిలబడింది.

నిచ్చెన నవ్వుతూ వెనక్కి తిరిగింది. అందరూ బొమ్మల్లా నిలబడి ఉన్నారు. గ్యాలరీలో ఒకరు నవ్వారు, ఆ నవ్వు చూసి పదిమందీ నవ్వారు. నిచ్చెన నవ్వు ఆరిపోయింది. తనేం తప్పు చేసిందో తెలియక ఒక్కొక్కరి ముఖమే చూస్తూ, చెయ్యి చెవి దగ్గరికి పోనిచ్చింది.

పక్కనున్న ఆంటీ ఒళ్లోంచి బ్యాగు జారిపోయింది.

"మా అమ్మాయికి విజిల్ వినిపించదమ్మా," అంది ఆవిడ, పిల్లలకి చెప్తున్నట్టే ఉంది, తనలో తను అనుకుంటున్నట్టూ ఉంది. "చెవి మిషన్ పెట్టుకుంటే వినిపిస్తుంది. చెమటకి పాడైపోతుందని ఆడేటప్పుడు డబ్బాలో పెట్టి మేడమ్‌కి ఇస్తుంది. ఆ పొట్టిపిల్ల పిడికిలి ఎత్తితేనే విజిల్ పడిందని దీనికి తెలిసేది."

డబ్బా, పిడికిలి, అన్నీ డిటెక్టివమ్మ చూసినవే. ఒక్కదాన్నీ తప్పుగా చూడలేదు. అన్నిటినీ తప్పుగా అనుకుంది.

కింద కోర్టులో గొడవ మొదలైంది. రిఫరీ తను విజిల్ ఊదలేదన్నాడు. మరి ఊదిందెవరు? అందరి కళ్లూ ఆట మీదే ఉండటంతో ఎవరూ చూడలేదు. వంతెన అవతలి జట్టు అక్క వంక అనుమానంగా చూసింది. మీవాళ్ల పనే అని ఒకమ్మాయి అనేసింది. మాకేం తెలియదని అక్క ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఎవరి పనో తేలకపోతే ఈ బాస్కెట్ లెక్కలోకి తీసుకోనని రిఫరీ అన్నాడు.

ఊరుకుంటే అక్కావాళ్లదే ఆధిక్యం. చెప్తే బాస్కెట్ వాళ్లకి వెళ్తుంది, అక్క వెనకబడుతుంది. తోక చెయ్యి పట్టుకుని లాగింది, కూర్చోవే అని బతిమాలింది. డిటెక్టివమ్మకి పోయినేటి మూసిన తలుపు గుర్తొచ్చింది. అయినా అక్క వంక చూస్తున్న ఆ అనుమానపు చూపులు భరించలేకపోయింది. అలాంటి చూపు ఎలా ఉంటుందో ఆ పిల్ల కంటే బాగా ఎవరికి తెలుసు?

మెట్లు దిగి రిఫరీ ముందుకి వెళ్లి విజిల్ చాపింది.

"నేనే ఊదాను. అక్కకి తెలియదు. ఆ అక్క విననట్టు నటిస్తోందనుకున్నాను."

అక్క ముఖం పాలిపోయింది. చెల్లెలి వంక చూడకుండా అటు తిరిగిపోయింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. రిఫరీ విజిల్ జేబులో వేసుకుని, బాస్కెట్ వంతెన అవతలి జట్టుకే ఇచ్చాడు. ఈ పిల్ల తన కళ్ల ముందే ఉండాలని కోర్టు పక్కన స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఆట చివరికొచ్చింది. అయిదు ఫౌళ్లు అయిపోయి పొట్టి అమ్మాయి బయటికి వచ్చేసింది. నిచ్చెనకి పిడికిలి ఎత్తి చూపించే మనిషి లేదు. బంతి నిచ్చెనకి అందింది. ఆమె బల్ల వైపుకే దూసుకొస్తోంది, జట్టంతా ఆమె వెనకాలే ఉంది. ఇంతలో రిఫరీ విజిల్ పడింది. ఈసారి అసలు విజిల్. అందరూ ఆగారు. ఆమె ఆగలేదు. గ్యాలరీలో అప్పుడే ఇకఇకలు మొదలయ్యాయి.

డిటెక్టివమ్మ ఆలోచించలేదు. కుర్చీ మీదికి ఎక్కి పిడికిలి ఎంత పైకి వెళ్తే అంత పైకి ఎత్తింది.

నిచ్చెన చూసింది. టక్కున ఆగింది. ఆ చిన్న పిడికిలి వంక ఒక్క క్షణం చూసి, తనూ పిడికిలి ఎత్తి బంతి రిఫరీకి ఇచ్చేసింది. నవ్వబోయినవాళ్లు నోళ్లు మూసుకున్నారు.

అక్కావాళ్లు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. అక్క వేసిన ఆఖరి బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి బయటే పడింది.

డబ్బాలోంచి మిషన్ తీసి చెవికి పెట్టుకుని నిచ్చెన వచ్చింది. పిడికిలి సంగతి నీకెలా తెలుసని అడిగింది. నిన్న పరుపుల వెనకాల దాక్కుని చూశానని డిటెక్టివమ్మ నిజం చెప్పేసింది. క్షమించమని అడగబోయి తల దించుకుంది. నిచ్చెన వంగి ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"ఇంకేం చూశావు?"

"మీరెప్పుడూ ఎడమకే తిరుగుతారు. అక్కకి చెప్పేశాను."

"అందుకా మీ అక్క నన్ను కదలనివ్వలేదు!" అని నిచ్చెన పడీ పడీ నవ్వింది. ఇలా దొంగచాటుగా కాదు, ఈసారి మా ప్రాక్టీసుకి దర్జాగా వచ్చి కుర్చీ వేసుకుని చూడమంది.

అక్క తువ్వాలు భుజాన వేసుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఈసారి తలుపు వేసుకోలేదు, అందరి ముందే ఏడ్చేసినట్టుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. కోపం పోయిందని చెప్పలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

వెనకాలే తోక పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి వీళ్ల వంకే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. తోక డిటెక్టివమ్మ చెవిలో గుసగుసలాడింది. ఆయన్ని చూస్తే అనుమానంగా ఉందట, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడేమోనట.

డిటెక్టివమ్మకి కూడా అలవాటు కొద్దీ అనుమానం వచ్చింది. ఒక్క నిమిషం ఆగింది. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని, నేరుగా ఆయన ముందుకి తీసుకెళ్లింది.

"తాతగారూ, మా వంకే చూస్తున్నారు. ఏమైనా కావాలా?"

ఆయన కళ్లు చికిలించి అన్నాడు, "కళ్లజోడు ఎక్కడో పడిపోయిందమ్మా. వచ్చేవాళ్లలో మా మనవరాలు ఎవరో పోల్చుకోలేకపోతున్నాను."

"మీ మనవరాలు ఎలా ఉంటుందో చెప్పండి, మేం చూసి పెడతాం," అంది డిటెక్టివమ్మ.