డెబ్బై రెండు వదిలి ఆరు

పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తాల మధ్య తవిటయ్యను పొద్దున్న తొమ్మిదింటికి పొడిచేశారు. ఆరేళ్లుగా ఇన్‌ఫార్మర్. ప్రాణం పోయే ముందు ఇంటెలిజెన్స్ అధికారి సాయిశంకర్ చెయ్యి పట్టుకుని, "పదకొండుకి పేల్తాది... ఓడ కింద మైను బాంబు ఎట్టీసినారు బాబూ" అన్నాడు. సాయిశంకర్ నెత్తురు చొక్కా మార్చుకుని జీపెక్కాడు. ఏడుపు రాలేదు. ఈ మధ్య అతనికి ఏదీ రావడం లేదు.

"శ్రీసత్య మెసేజ్ పంపింది," వైర్‌లెస్‌లో చీఫ్ చంద్రిక. "పోర్టులో రెండో బెర్త్. డైవర్లను అక్కడికే పంపు. ఉన్నది ఒక్క టీమే."

శ్రీసత్య డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాలో మన మనిషి. నడిచొస్తే బీచ్ రోడ్డంతా తలలు తిప్పేంత అందగత్తె. పైకి పరిచయస్తుల్లా కనబడాలని ఆరు నెలలుగా ఆమె, సాయిశంకర్ ఫోన్లో ఇంగ్లీషు పదాల ఆట ఆడుతున్నారు. అక్షరాలు పేర్చి పదం కట్టాలి. క్యూ, జెడ్ పడితే పాయింట్ల పంటే. ఆ ఆటను ఎవరైనా చూడొచ్చు. పాయింట్ల దగ్గర శ్రీసత్య మహా పిసినారి, ఒక్కటీ వదలదు. సాయిశంకర్ మాత్రం తన అక్షరాలను ఇంకో యాప్‌లో కొట్టి, అది చూపించిన పెద్ద పదాన్ని దించేసేవాడు. శుద్ధ దొంగాట.

నిన్న సాయంత్రం ముగిసిన ఆటలో ఇప్పుడు ప్రతి ఎత్తుకూ ఆమె చేతిలో ఉన్న అక్షరాలూ కనబడుతున్నాయి. అలవాటు కొద్దీ వాటిని యాప్‌లో కొట్టాడు. ఒకచోట వేలు ఆగింది. చేతిలో "క్వార్ట్జ్" ఉంది, డెబ్బై రెండు పాయింట్లు. ఆమె వేసింది "టార్". ఆరు పాయింట్లు. ఆకలి మీదున్న మనిషి వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోయినట్టుంది.

పదంతో పనిలేదు. ఆట చూస్తున్న ముఠాకు కావలసింది, మైను ఎక్కడ పెట్టాలో చెప్పే ఆ అంకె.

"మేడమ్, ఆరో బెర్త్."

"శ్రీసత్య రెండంది కదా?"

"ఆవిడ మనల్ని అమ్మేసింది. ఆరో బెర్త్‌లో ఉన్నది అమ్మోనియా ఓడ. పేలితే పాత ఊరు మిగలదు."

"నీ లెక్క తప్పైతే?"

"రెండో బెర్త్‌లో నలభై మంది పోతారు." వాతావరణ వార్తలు చదివినట్టు చెప్పాడు.

"సరే, ఆరు," అంది చంద్రిక.

పదీ యాభై. డైవర్ దాలయ్య గొంతు నీళ్ల కింద నుంచి వచ్చింది. "బావా, ఏటీ నేదిక్కడ. అంతా నాచే."

"ప్రొపెల్లర్ కాడ సూడు," అన్నాడు సాయిశంకర్.

"సూత్తన్నాను..."

పదీ యాభై ఎనిమిది. "దొరికింది బావా! టిపిన్ కేరేజీ అంతుంది!"

వైరు తెగేసరికి పదకొండుకి ఇంకా తొమ్మిది సెకన్లే. గట్టు మీద అందరూ కేకలు వేశారు. సాయిశంకర్ డైరీలో టైమ్ రాసుకున్నాడు.

సిరిపురం కాఫీ షాపులో బేడీలు వేస్తుంటే శ్రీసత్య అందంగా నవ్వింది. "ఎలా పట్టుకున్నావ్?"

"నీ అక్షరాలు యాప్‌లో కొట్టాను."

"ఆ యాప్ నీ దగ్గరెందుకుంది?"

"నాను మొదట్నుంచీ దాంతోనే ఆడతన్నాను."

ఆమె నవ్వు ఆరిపోయింది. తవిటయ్యను చంపించి, దేశాన్ని అమ్మేసిన ఆ మనిషి అతని వంక అసహ్యంగా చూసింది. "ఛీ! ఆరు నెలలూ మోసమా?"

చాలా కాలానికి సాయిశంకర్‌కు ఏదో అనిపించింది. సిగ్గేసింది.