పాత కాంటా దగ్గర రివర్స్

ఎడపల్లి దాటి బోధన్ పోయే రోడ్డు పక్కన పాత కాంటా ఉండేది. ఒకప్పుడు ఫ్యాక్టరీకి పోయే చెరుకును అక్కడే తూచేవాళ్లు. కొత్త కాంటా వచ్చాక రెండు గోడలూ, రేకుల షెడ్డూ, ఇనుప పలకలు పీకేసిన లోతు గుంతా మిగిలాయి... వాటితో పాటు చెడ్డపేరు కూడా.

ముత్యం అనే క్లీనర్ అక్కడే లారీ వెనక చక్రాల కింద పడి చనిపోయాడు. అప్పటి నుంచి చీకటి పడితే "ఆనే దో... ఆనే దో..." అని పిలుపు వినిపిస్తుందనేవారు. రానీ, రానీ అని రివర్స్ చేసే డ్రైవర్‌కు క్లీనర్ వేసే కేక అది. రాత్రిపూట అక్కడ రివర్స్ గేరు వేసే మొగోడు తాలూకాలోనే లేడని చెప్పుకునేవారు. నేను దెయ్యాలను నమ్మను. పగటిపూట అసలే నమ్మను.

ఇది అరవై ఏడులో ఎడపల్లి లింబాద్రికి జరిగింది. అతనే నాకు చెప్పాడు.

అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు నిండి రెండు నెలలు. వాళ్ల బాపు భూమన్న కొత్త ట్రాక్టర్ తెచ్చాడు. నేర్పింది గులాం చాచా. ఒకప్పుడు లారీ డ్రైవర్, ఆ పని మానేశాక మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. మడ్‌గార్డు మీద కూర్చుని తిట్లతోనే నేర్పేవాడు. ఆయనకొక పట్టింపు ఉండేది. వెనక నిలబడి దారి చెప్పేవాడు ఆపమనాలంటే "రుకో" అనే అనాలి. చాలు అనడానికి అందరూ "బస్" అంటారు కదా, ఆ మాట ఆయన ముందు అంటే చెంప పగిలేది.

ముందుకు తోలడం వారంలో వచ్చేసింది. రివర్సే రాలేదు. ట్రాలీ ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి, ఆ తిరకాసు లింబాద్రి చేతులకు ఎక్కలేదు. నిజామాబాద్‌లో బ్రేకు ఇన్‌స్పెక్టర్ లైసెన్సు పరీక్షకు వరసగా పెట్టిన రాళ్లన్నీ గుద్దేసి ఒకసారి ఫెయిలయ్యాడు.

"రేపు గిన ఫెయిలైనవో," అన్నాడు భూమన్న, "ట్రాక్టర్ మీ చిన్నబాపు కొడుకు తోల్తడు. నువ్వు కత్తి పట్టి చెరుకు కొట్టుడే."

పగలంతా ట్రాక్టర్ చెరుకు మోసింది. మిగిలింది ఒక్క రాత్రి.

"పాత కాంటా కాడికి పోదాం చాచా. గా గోడల నడుమ నాలుగు సార్లు తీస్తే నాకొస్తది."

గులాం ముఖం తిప్పుకున్నాడు. "గాడికి నేను రాను. నువ్వు గూడ పోకు బేటా."

పోయాడు.

లింబాద్రి ఒక్కడే. చలి... గాలిలో చెరుకు మడ్డి వాసన. వెనక్కి తిరిగి చూస్తే ట్రాలీ అంచు దాటి ఏమీ కనిపించలేదు. గోడల చివర గుంత ఉందని తెలుసు. ఎంత దూరంలో ఉందో తెలియదు. గేరు వేశాడు. ట్రాలీ వంకర పోయి గోడకు రాసుకుంది. మళ్లీ ముందుకు తీసి, మళ్లీ గేరు వేశాడు —

"ఆనే దో..."

కాలు క్లచ్ మీద బిగుసుకుపోయింది. ఇంజన్ చప్పుడేమో అనుకున్నాడు.

"ఆనే దో... ఆనే దో... థోడా లెఫ్ట్..."

అప్పుడు తట్టింది — గులాం చాచా! రానన్నాడు గానీ మనసొప్పక వెనకాలే వచ్చి ఉంటాడు. ప్రాణం లేచొచ్చింది. ఆ కేక వేసేటప్పుడు అందరి గొంతులూ ఒకలాగే ఉంటాయి మరి.

గొంతు ఎటంటే అటు తిప్పాడు. ట్రాలీ తొలిసారి తిన్నగా, గోడలకు తగలకుండా, వెనక్కి... వెనక్కి...

"బస్!"

బ్రేకు తొక్కాడు. అయినా "బస్! బస్!" అని గొంతు మొత్తుకుంటూనే ఉంది. ఇంజన్ ఆపేశాక గానీ ఆగలేదు.

దిగి అగ్గిపుల్ల గీశాడు. ట్రాలీ చక్రానికీ గుంతకూ మధ్య జానెడు నేల.

"చాచా?"

ఎవరూ పలకలేదు. తన మాట విననందుకు కోపమొచ్చి పోయాడనుకున్నాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ మళ్లీ రాళ్లు పెట్టించాడు. లింబాద్రి ఆ పిలుపును మనసులో అనుకుంటూ వెనక్కి తీశాడు. ఒక్క రాయి కదల్లేదు. పాసయ్యాడు! సాయంత్రం అర్ధకిలో జిలేబీ కట్టించుకుని నేరుగా గులాం ఇంటికి పోయాడు.

"నీ వల్లనే చాచా. రాత్రి నువ్వు బస్ అనకపోతే గుంతల పడేటోన్ని."

జిలేబీ నోటి దాకా పోయి ఆగింది.

"నేను... బస్ అంటనా?"

లింబాద్రికి అప్పుడు వెలిగింది.

ముసలాయన జిలేబీ పక్కన పెట్టాడు. "గా లారీ నాదే బేటా. ముత్యం ఎనక నిలవడి బస్, బస్ అని మొత్తుకున్నడు. గప్పుడే రోడ్డు మీద లైట్లు కనవడ్డయి. బస్సొస్తుంది, రోడ్డు ఖాళీ చెయ్యమంటున్నడనుకున్న. జల్ది ఎనక్కి తీసిన..."

ఉన్నట్టుండి లింబాద్రి చెయ్యి పట్టుకున్నాడు.

"వాడు బస్ అన్నప్పుడు... నువ్వు ఆగినవా?"

"ఆగిన చాచా. ఆగిన."

గులాం ఆ చెయ్యి వదలకుండా ఏడ్చాడు.

ఆ రాత్రి ఆయన ఒక్కడే పాత కాంటాకు నడిచిపోయాడట. తెల్లవారేదాకా గోడల మధ్య నిలబడ్డాడట... ఎవరూ పిలవలేదు.